మోసుకుపోయే పనిబల్ల: చెట్టుకింద వడ్రంగానికి కొన్ని లెక్కలు

వార్షిక సంచికకు వ్యాసం కావాలని విద్యార్థి సంఘం మిత్రులు వచ్చి అడిగినప్పుడు, "మీది ఫిజిక్సు కదా సార్, అణుశక్తి మీదనో అంతరిక్షం మీదనో రాయండి" అన్నారు. వాటి మీద రాయగలవాళ్ళు మన కళాశాలలో నాకంటే సమర్థులు ఉన్నారు. నేను ఆత్మకూరులో వడ్రంగం చేసే ఇంట పుట్టి, ఈ కళాశాలలోనే చదువుకొని, ఇక్కడే పాఠాలు చెబుతున్నవాణ్ణి. కాబట్టి రెండూ కలిసే విషయం ఒకటి ఎంచుకున్నాను. ఆరుబయట వడ్రంగం పని చేసేవాడికి, చేతపట్టుకొని పోగలిగే బల్ల ఎలా ఉండాలి? కొనాలా, చేసుకోవాలా?

ఆత్మకూరు అనగానే "నెల్లూరు ఆత్మకూరా, అనంతపురం ఆత్మకూరా?" అని అడగడం లోకానికి అలవాటు. మాది నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. దోర్నాల వైపు బస్సెక్కితే కాసేపట్లో బైర్లూటి, ఆ పైన అంతా అడవి. మావైపు వడ్రంగానికి నాలుగు గోడల కార్ఖానా అనేది నిన్నమొన్నటి మాట. పని ఎక్కడుంటే పనివాడు అక్కడికి పోవడమే పద్ధతి. గొర్రు పళ్ళు సడలితే కళ్ళం దగ్గరికి, కాడిమాను విరిగితే చేని గట్టుకు, వాకిలి ఎత్తాలంటే కట్టుబడి జరిగే చోటికి. సంచిలో బాడిస, ఉలులు, రంపం, చిత్రిక, బర్మా, మూలమట్టం ఉండేవి. బల్ల మాత్రం ఉండేది కాదు. వేపచెట్టు కింద ఒక మొద్దు, దానికి ఎదురుగా మనిషి, అంతే.

ఇది చూసి, మన వడ్రంగులకు బల్ల అనేది తెలియదు కాబట్టి నేల మీద కూర్చుంటారని అనుకునేవారున్నారు. ఐ.టి.ఐ.లో నిలబడి పని నేర్చుకొని వచ్చిన పిల్లలు కొందరు పెద్దవాళ్ళ పనిని అదే చూపుతో చూస్తారు. అసలు బల్ల చేసే పని ఏమిటో విడదీసి చూస్తే ఈ చిన్నచూపు నిలవదు.

అన్నం తినే బల్లకు పైనుంచి పడే బరువు మోయడం తప్ప వేరే పని లేదు. పనిబల్ల సంగతి అలా కాదు. చిత్రిక పడితే తోపు అడ్డంగా వస్తుంది. ఉలి మీద సుత్తి పడితే దెబ్బ నిలువునా దిగుతుంది. రంపం ముందుకూ వెనక్కూ గుంజుతుంది, పలక దానితోపాటు ఊగుతుంది. ఈ మూడింటికీ కదలకుండా చెక్కను పట్టి ఉంచగలిగినదే పనిబల్ల. నేల మీద కూర్చున్న వడ్రంగి ఈ మూడూ ఎలా సాధించాడో చూడండి. పలక కొనను మొద్దుకు ఆనించి తోపును ఆపాడు. పాదంతో తొక్కి, బొటనవేలితో అదిమి, చెక్క ఊగకుండా చేశాడు. దెబ్బకు భూమి కంటే గట్టి దిమ్మె ఏముంది? అంటే బల్ల లేకపోవడం కాదు. భూమి, మొద్దు, కాలు కలిసి బల్ల అయ్యాయి. దానికి మోత కూలి లేదు.

అయితే ఒక చిక్కుంది. ఆ బల్లలో ఒక భాగం మనిషి మోకాలు.

మా మేనమామ యాభై ఏళ్ళు ఇలాగే పని చేశాడు. అరవై ఎనిమిదో ఏట మోకాళ్ళు మొరాయించాయి. గొంతుకు కూర్చోవద్దు, బాసిపట్టు వేయొద్దు అని డాక్టరు చెప్పాడు. చేతులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, కన్ను పదునుగా ఉంది, పిలిచే ఇళ్ళూ ఉన్నాయి. కూర్చోలేడు కాబట్టి వృత్తి మానుకోవాలి అన్నారు ఇంట్లో. మానుకుంటే అది కూలి డబ్బులతో పోయే నష్టం కాదని చెప్పక్కరలేదు. ఆయన ఆ నెలన్నర ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆయన కొడుకు నగరం నుంచి ఒక మడత బల్ల కొనుక్కొచ్చాడు. ఇనుప కాళ్ళు, పైన రెండు చెక్క దవడలు, పిడి తిప్పితే దవడలు దగ్గరికొచ్చి పలకను కరుస్తాయి. మామ వేప పలక బిగించి, నిలబడి చిత్రిక ఒక్క తోపు తోశాడు. బల్ల అడుగు దూరం జరిగింది. రెండో తోపుకు ముందు కాళ్ళ మీద లేచింది.

"ఏమల్లుడా, ఇది బల్లనా, కుంటి మేకనా? ఇట్ల తోస్తే అట్ల పోతాంది" అన్నాడు నాతో.

బల్లలో లోపం ఏమీ లేదు. లెక్క అలా ఉంది, అంతే. ఆ బల్ల బరువు 12 కిలోలు, ఎత్తు 75 సెంటీమీటర్లు. తోసే దిక్కుగా కాళ్ళ మధ్య దూరం 50 సెంటీమీటర్లు అనుకోండి. బల్ల బరువు దాని నడిమధ్యన పనిచేస్తుంది, అంటే బోర్లాపడే అంచుకు 25 సెంటీమీటర్ల దూరాన. 12ను 25తో గుణించి 75తో భాగిస్తే 4 వస్తుంది. నాలుగు కిలోల తోపు చాలు, బల్ల లేస్తుంది. గట్టి చెక్క మీద చిత్రిక పట్టే మనిషి తోపు దీనికి రెట్టింపు కంటే ఎక్కువే ఉంటుంది. బరువు తక్కువ కాబట్టి నేల మీద రాపిడి కూడా తక్కువ. లేవకముందే జారడం కూడా అందుకే. మోసుకుపోవాలంటే తేలిగ్గా ఉండాలి, కదలకుండా ఉండాలంటే బరువుగా ఉండాలి. మోసుకుపోయే బల్లకు పుట్టుకతో వచ్చిన తగువు ఇదే.

ఈ తగువును తీర్చినవాళ్ళలో పేరు పొందినవాడు రాన్ హిక్‌మన్. దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండుకు వెళ్ళి, లోటస్ ఎలాన్ అనే కారును రూపొందించిన ఇంజనీరు. 1961లో ఇంట్లో బట్టల బీరువా చేసుకుంటూ, బల్ల లేక ఒక మంచి కుర్చీ మీద పలక పెట్టి కోశాడు. పలకతోపాటు కుర్చీ కూడా తెగింది. ఆ కుర్చీ నుంచి పుట్టిందే వర్క్‌మేట్ అనే మడత బల్ల. పనిముట్ల కంపెనీలు మొదట దాన్ని తోసిపుచ్చాయి. డజన్ల లెక్కన అమ్ముడుపోతుందేమో గాని వందల్లో పోదని స్టాన్లీ కంపెనీ వాళ్ళు అన్నారట. చివరికి 1970ల మొదట్లో బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ తయారీకి పూనుకుంది. 2011లో హిక్‌మన్ చనిపోయేనాటికి ప్రపంచంలో కోట్ల సంఖ్యలో అవి అమ్ముడయ్యాయి.

ఆ బల్లలో అందరూ మెచ్చుకునేది దవడలను. నేను మెచ్చుకునేది కింద ఉన్న చిన్న మెట్టును. పనిచేసేవాడు ఒక కాలు దాని మీద పెట్టి నొక్కుతాడు. అలా నొక్కినప్పుడు ఒంటి బరువులో ఒక 20 కిలోలు, మన వైపు అంచున, అంటే బోర్లాపడే అంచుకు 50 సెంటీమీటర్ల దూరాన పడిందనుకోండి. ఇప్పుడు లెక్క కడితే బల్లను లేపడానికి 17 కిలోల తోపు కావాలి. నాలుగు ఎక్కడ, పదిహేడు ఎక్కడ! అంటే హిక్‌మన్ బల్లలో బరువు పెట్టలేదు, బరువును మనిషి దగ్గర అప్పు తీసుకున్నాడు. మన వడ్రంగి పాదంతో పలకను తొక్కిపట్టడం కూడా ఇదే అప్పు. కాకపోతే మా మామ మోకాలి నొప్పితో ఒంటికాలి మీద నిలబడి పొద్దంతా ఆ అప్పు ఇవ్వలేడు.

దీనికి జవాబు మరింత పాతది. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కింద పూడిపోయిన హెర్క్యులేనియం పట్టణంలో ఒక గోడ చిత్రం దొరికింది. అందులో రెక్కల పిల్లలు వడ్రంగం చేస్తుంటారు. వాళ్ళ ముందున్న బల్ల పొడుగాటి పలకకు కాళ్ళు దిగగొట్టిన కురుచ పీట. ఆనాటి రోమను వడ్రంగులు అలాంటి పీటల మీద కూర్చొని కూడా పనిచేశారని తెలిసినవాళ్ళు చెబుతారు. కూర్చుంటే ఏమవుతుంది? పీట బరువు 14 కిలోలు, ఎత్తు 45 సెంటీమీటర్లు, పొడవు దిక్కున కాళ్ళ మధ్య దూరం 90 సెంటీమీటర్లు అనుకుందాం. ఖాళీ పీటను లేపడానికి 14 కిలోల తోపు చాలు. దాని మీద అటొక కాలు ఇటొక కాలు వేసి మనిషి కూర్చుంటే, ఒంటి బరువులో 45 కిలోలు పీట మీద పడ్డాయనుకున్నా, 59 కిలోల తోపు కావాలి. మనిషి వెనక కొసకు జరిగి కూర్చుంటే ఇంకా ఎక్కువ కావాలి.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. నిలబడి తోసేవాడు కాళ్ళతో నేలను వెనక్కి తన్ని, చేతులతో బల్లను ముందుకు నెడతాడు. పీట మీద కూర్చొని తోసేవాడు చేతులతో పలకను ముందుకు నెడుతూ, పిర్రలతో అదే పీటను వెనక్కి నెడతాడు. న్యూటన్ మూడవ నియమం మీరు పరీక్షలో రాసినదే. ఆ రెండు నెట్టుళ్ళు పీట లోపల్లోపలే చాలావరకు చెల్లిపోతాయి, నేల దాకా వచ్చేది కొంచెమే. పీట నడవకపోవడానికి అసలు కారణం ఇదే. మోకాళ్ళు కుర్చీలో ఉన్నట్టే ఉంటాయి. గొంతుకు కూర్చోవడం లేదు, డాక్టరు మాట పోలేదు.

ఇక పీట చేసే పద్ధతికి వస్తాను. పైపలక 4 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం. వెడల్పు ఇంకా పెంచితే తొడలకు ఒరుసుకుంటుంది, కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చోలేరు. మందం తగ్గించకూడదు, కాళ్ళ బెజ్జాలకు లోతు చాలదు. ఏ కట్టె? నల్లమల పక్కనే ఉంది కదా అని అటు చూడొద్దు. 1983 నుంచి అది పులుల రక్షిత ప్రాంతం, అక్కడి మాను ముట్టుకోవడం నేరం. అడితిలో రసీదుతో టేకు కొనవచ్చు గాని, దెబ్బలు తినే పీటకు టేకు వేయడం పట్టుచీర కట్టుకొని కళ్ళం ఊడ్చినట్టు. మావాళ్ళ మాట వేప. వేపకు పురుగు తొందరగా పట్టదు, బరువు ఉంది, గట్టిదనం ఉంది. శ్రీశైలం జలాశయంలో ఏటా నెలల తరబడి మునిగి వేసవికి బయటపడే సంగమేశ్వరంలో లింగం వేపమానుదేనని మావైపు ప్రతీతి. వేప గొప్ప చెప్పాల్సి వస్తే మా మామ అదే ఉదాహరణ తీస్తాడు. వేపలో చిక్కు ఒకటే, నారలు అటొకటి ఇటొకటి అల్లుకొని చిత్రికకు ఎదురు తిరుగుతాయి. ఓపిక ఉండాలి.

పచ్చి కట్టె తెచ్చి వెంటనే పలక కోస్తే మా ఎండకు అది ఎక్కువ కాలం నిలవదు. కొసల నుంచి తేమ తొందరగా పోతుంది, నడుమ నిలిచి ఉంటుంది, ఆ తేడాకు కొసలు నెర్రెలు విడుస్తాయి. కొసలకు పాత రంగు పూసి, నీడలో పలకల మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేటట్టు పేర్చి నెలల తరబడి ఉంచాలి. అంత తీరిక లేనివాళ్ళకు పాత ఇంటి దూలం శ్రేష్ఠం. 1981లో శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు ఊళ్ళు వదిలినవాళ్ళు విప్పి తెచ్చుకున్న దూలాలు, వాకిళ్ళు ఇంకా మావైపు కొట్టాలలో కనిపిస్తాయి. కట్టె ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, ఇక వంగదు. రంపం పెట్టేముందు అయస్కాంతంతో తడిమి మేకులు ఉన్నాయేమో చూసుకోవాలి.

కాళ్ళకు, సీలలకు మాత్రం నేను సిఫారసు చేసే కట్టె పేరు చెబితే నవ్వుతారు. కంపచెట్టు. సర్కారు తుమ్మ అనండి, సీమతుమ్మ అనండి. ఇది మన చెట్టు కాదు. మెట్ట ప్రాంతాలకు వంటచెరకు కావాలని మద్రాసు ప్రభుత్వపు అటవీ అధికారి బెడ్డోమ్ కోరగా విత్తనాలు తెప్పించి, 1878లో కడప జిల్లా కమలాపురంలో చల్లారు. ఆ తర్వాత అది చేలు, వంకలు, చెరువులు ఆక్రమించిన కథ మనకు తెలిసిందే. దాన్ని బొగ్గు కాల్చడానికి తప్ప మరెందుకూ పనికిరానిదని చూస్తాం. కాని దాని చేవ ఎరుపు కలిసిన గోధుమ రంగులో, రాయిలా ఉంటుంది. ఎండిపోయేటప్పుడు కట్టెలు సాధారణంగా ఒక దిక్కున ఎక్కువ, ఒక దిక్కున తక్కువ కుంచించుకుపోతాయి. ఆ తేడా వల్లే మెలికలు పడతాయి. కంపచెట్టు జాతిలో కుంచించుకుపోవడమే తక్కువ, తేడా ఇంకా తక్కువ. ఎండకూ వానకూ మారని కట్టె మన కాళ్ళ కింద ముళ్ళై పడి ఉంది. పొడుగాటి పలకలు దొరకవు, అడుగున్నర ముక్కలు చక్కగా దొరుకుతాయి. తెల్లకట్టె తీసేసి చేవ మాత్రం వాడాలి, తెల్లకట్టెను పురుగు తొలుస్తుంది.

నాలుగు కాళ్ళు, ఒక్కొక్కటి 20 అంగుళాలు. పైకొనను కొంచెం కొంచెంగా సన్నబరచి, పలకలో బర్మాతో వేసిన బెజ్జాన్ని కూడా కింద వెడల్పు, పైన ఇరుకుగా ఉలితో సరిచేసి, కిందినుంచి దిగగొట్టాలి. జిగురు వద్దు, మేకు వద్దు. ఎండకు కట్టె బిగువు తగ్గితే, అలా సన్నబరచిన కాలును మరో రెండు దెబ్బలు వేస్తే మళ్ళీ బిగుస్తుంది. సమంగా గుండ్రంగా చేసిన కాలైతే సడలిపోయి ఊడుతుంది. ప్రయాణంలో పైనుంచి కొడితే కాళ్ళు ఊడివస్తాయి. నాలుగూ కలిపి తాడుతో కట్టుకొని, పలకను సైకిలు కడ్డీకి తగిలించుకోవచ్చు. కాళ్ళు నిట్టనిలువుగా ఉండకూడదు, నాలుగూ బయటికి వాలాలి. ఎంత వాలు అంటే మా మామ అరచెయ్యి చాపి చూపిస్తాడు. నేను కొలిస్తే 15 డిగ్రీల దగ్గర వచ్చింది.

అన్నీ దిగాక ఎత్తు సరిచేయడం ఉంటుంది. చదునైన బండ మీద పీటను నిలబెట్టి, పైపలక మట్టంగా ఉండేటట్టు కాళ్ళ కింద పుల్లలు పెట్టి, ఒక చెక్కముక్క మీద పెన్సిలు ఆనించి నాలుగు కాళ్ళ చుట్టూ గీత తిప్పాలి. ఆ గీతల వెంట కోస్తే పీట కుంటదు. పీట మొత్తం ఎత్తు కూర్చునేవాడి మోకాలి వెనక మడత ఎత్తుకు సరిపోవాలి. మూడు పాయింట్ల గుండా ఎప్పుడూ ఒక తలం పోతుంది కాబట్టి మూడు కాళ్ళ పీట ఏ గరుకు నేల మీదైనా కుంటదని నేను వాదించాను. నిజమే గాని, ఒకే కాలున్న కొసన బరువు పక్కకు పడితే ఒరుగుతుంది. "రాయి పెంకు పెట్టుకుంటే నాలుగో కాలు నిలబడ్తాది. దానికి శాస్త్రమెందుకు?" అన్నాడు మామ. నాలుగే ఉంచాం.

పట్టు సంగతి. ముందు కొసన రెండు బెజ్జాలు, వాటిలో కంపచెట్టు సీలలు. సుత్తితో కింద నుంచి కొడితే పైకి వస్తాయి, పైనుంచి కొడితే దిగుతాయి. పలకను వాటికి ఆనించి చిత్రిక పడితే అడ్డతోపు అక్కడితో సరి. పక్కల వెంబడి మరో రెండు వరసల బెజ్జాలు వేసి, సీలల నడుమ పలకను అంచు మీద నిలబెట్టి, ఒక కొన సన్నగా మరో కొన మందంగా చెక్కిన ముక్క దిగగొడితే వైస్ అక్కరలేదు. ఉలి పనికి మామ కనిపెట్టుకున్నది నాకు అన్నింటికంటే నచ్చింది: నడుమ ఒక బెజ్జంలోంచి తాడు ఉచ్చు దించి, పైన పలక మీదుగా వేసి, కింద ఉచ్చులో పాదం పెట్టి అదుముతాడు. పట్టు కావాలంటే పాదం నొక్కడం, వద్దంటే ఎత్తడం. నేల మీద పాదం చేసిన పనే ఇది, మోకాలు మడవకుండా. సుత్తి దెబ్బ గట్టిగా పడే పని మాత్రం ఎప్పుడూ కాలికి సరిగ్గా పైన పెట్టుకోవాలి. కాళ్ళ నడుమ పెడితే పలక స్ప్రింగులా ఎగిరి దెబ్బ సగం మింగేస్తుంది.

నిలబడి చేసేవాళ్ళకు, మోటారు రంపం వాడేవాళ్ళకు ఈ పీట చాలదు. తలుపు రెక్క లాంటి పెద్ద పలకలకు రెండు కత్తెరకాళ్ళ స్టాండ్లు, వాటి మీద ఒక మందపాటి పలక సరిపోతాయి. ఎత్తుకు కొలత, నిలబడి చేయి వేలాడదీస్తే మణికట్టు వచ్చే చోటు. స్టాండ్ల అడుగున ఒక అడ్డపట్టె కొట్టి దాని మీద బండ పెట్టండి. బేతంచర్ల బండ 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, అంగుళంన్నర మందం ఉంటే దాదాపు 19 కిలోలు తూగుతుంది. 20 కిలోల స్టాండ్ల మీద అలాంటివి రెండు పెడితే, పక్కకు తోసినప్పుడు తట్టుకునే శక్తి ఏడు కిలోల నుంచి ఇరవైకి పెరుగుతుంది. మన సీమలో వానకు కరువు గాని రాయికి కరువు లేదు. బండను ఇంటినుంచి మోయకండి, పోయిన చోట అడగండి.

మడత బల్ల కొనాలనుకుంటే అంగట్లోనే మూడు పరీక్షలు చేయండి. విప్పి నిలబెట్టి పైఅంచు పట్టుకొని పక్కకు ఊపండి, కీళ్ళు కిర్రుమంటే వద్దు. ఒక మూల మీద ఒంటి బరువు వేయండి, ఎదుటి మూల లేస్తే వద్దు. దవడలు చివరిదాకా బిగించి ఆ చివర, ఈ చివర కాగితం పెట్టి గుంజండి, రెండు చోట్లా తెగేంత పట్టు ఉండాలి. పొట్టు చెక్కతో చేసిన దవడలు ఒక్క వానకు ఉబ్బుతాయి. ఇనుప కాళ్ళు మే నెల ఎండలో చేయి పెట్టనియ్యవు.

పీటను మట్టి మీద వదిలేయకూడదు, చెదలు కాళ్ళ నుంచే మొదలవుతాయి. నాలుగు రాతి ముక్కలు కింద పెడితే చాలు. ఏడాదికోసారి అవిసె నూనె పట్టించండి. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి పోయే దారిలేక దానంతటదే అంటుకుంటుంది. మా ఎండల్లో ఇది ఉత్త భయం కాదు. గుడ్డను పరచి ఆరేయండి, లేదా నీళ్ళలో వేయండి.

మడత బల్లను మామ కొడుకు మోటారు రంపానికి వాడుకుంటున్నాడు, దానికి అది బాగుంది. పీట మామది. మొన్న పోయినప్పుడు గొర్రుకు జడ్డిగం తొలుస్తున్నాడు, దాని మీదనే కూర్చొని. "నేను కూకుంటే కదల్దు, నేను లేస్తే తేలిగ్గుండాది" అన్నాడు. పల్లెల్లో ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు పోయే విద్యార్థులకు నా సూచన: ఇలాంటి పీటలు రెండు మన కళాశాలలోనే చేసి తీసుకుపోండి. ఏడు రోజుల్లో ఆ ఊరి బడి బెంచీలు, కిటికీ రెక్కలు బాగుచేయడానికి అవి చాలు, వచ్చేటప్పుడు ఒకటి బడికే వదిలి రావచ్చు. కాళ్ళు విప్పేముందు ఏ కాలు ఏ బెజ్జానిదో ఉలితో గాట్లు పెట్టుకోండి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని. ఒకదాని కాలు ఇంకోదాంట్లో దిగదు.